రెండు బండ్లు, ఒక వెనక సీటు

దూరప్రయాణాలకి ఏ మోటారుసైకిలు మంచిదని నన్ను అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏలూరులో నాకు బండి సీట్లు కుట్టే షాపుంది. ముప్పై ఏళ్ళుగా సీట్లు కుడుతున్నాను, పదకొండేళ్ళుగా ఒక పెద్ద బండి నడుపుతున్నాను కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ఎవరడిగినా ఇన్నాళ్ళూ నా బండి పేరే చెప్పాను. మొన్న శుక్ర, శనివారాల్లో కొల్లేటి మీదుగా ఆకివీడు, తాడేపల్లిగూడెం, కామవరపుకోట తిరిగి వచ్చాక ఆ జవాబు మార్చుకోవలసి వచ్చింది. ఎందుకు మారిందో జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు బండ్ల సంగతి. నాది నాలుగు సిలిండర్లది. ఒక డాక్టరుగారు మోజుపడి కొనుక్కుని, రెండేళ్ళు షెడ్డులో ఉంచి అమ్మేస్తే తీసుకున్నాను. పొట్టిగా, బరువుగా ఉంటుంది. కొంచెం ముందుకి వంగి నడపాలి. ఇంజను చప్పుడు కుట్టుమిషను చప్పుడంత నున్నగా ఉంటుంది. మా తోడల్లుడు ప్రభాకర్‌ది రెండు సిలిండర్లది, కొన్నది నిరుడే. ఎత్తుగా, నిటారుగా, ముందు గాలి ఆపే పెద్ద అద్దంతో ఉంటుంది. చూడ్డానికి పోలిక లేకపోయినా రెండూ ఒకే పనికి పుట్టిన బండ్లు. వేగంగా పోవాలి, రోజంతా పోవాలి, వెనక మనిషినీ రెండు పక్కలా సామాను పెట్టెల్నీ మొయ్యాలి.

ప్రభాకర్‌ది తాడేపల్లిగూడెం, మా వాడుకలో గూడెం. మోకాలికి ఆపరేషను అయ్యాక ఆ ఎత్తు బండి మీదికి కాలు లేవడం కష్టంగా ఉంది. "అన్నయ్యగారూ, మీది నాకివ్వండి, నాది మీరు తీసుకోండి. మీకొద్దంటే సోమవారం భీమవరం నుంచి ఒకాయన చూడ్డానికి వస్తున్నాడు" అన్నాడు.

నాకు ఇష్టం లేదు. కాని ఇష్టం నా ఒక్కడిదే కాదు. మా ఆవిడ సువార్తకి రెండేళ్ళ కిందట నడుములో డిస్కు జరిగింది. అప్పట్నుంచి బండెక్కలేదు. ఇప్పుడు ఎముకల డాక్టరుగారు ఎక్కవచ్చన్నారు. కాని ఒక పక్కకి తిరిగి కూర్చోకూడదు, అటొక కాలు ఇటొక కాలు వేసి నిటారుగా కూర్చోవాలి, గంటకోసారి దిగి నడవాలి అని చెప్పారు. పెళ్ళయిన దగ్గర్నుంచి చీర కట్టుకుని ఒక పక్కకే కూర్చున్న మనిషి ఆవిడ. మా అమ్మాయి చుడీదారు ఒకటి వదులు చేయించుకుని, అద్దంలో చూసుకుని, "సరేనండీ" అంది.

నేను పదిహేను రోజులు కూర్చుని నా బండికి ఆవిడ కోసం వెనక సీటు కొత్తగా కుట్టాను. మంచి స్పాంజి, మెత్తటి రెగ్జిను, రెండు వరసల కుట్టు. నా చేతి పనిలో అంతకంటే మంచిది లేదని అప్పుడనుకున్నాను.

బయల్దేరే ముందు రోజు ఆవిడ ఒక మాట చెప్పింది. "ఈ రెండు రోజులూ రెండిటి మీదా కూర్చుంటానండీ. ఏదో ఒకటి నా నడుముకి పడితే ఇదివరకట్లాగే తిరుగుదాం. రెండూ పడకపోతే మీరొక్కరే తిరగండి. నాకేం కోపం లేదు."

కోపం ఉందంటే నాకు తేలికగా ఉండేది.

కొల్లేటి గట్లు

ప్రభాకర్, కరుణ ముందు రోజు సాయంత్రమే మా ఇంటికొచ్చారు. కరుణ మా ఆవిడ చెల్లెలు, గూడెంలో టీచరు. ఆదివారం ఆరాధనకి ఎవరి గుడిలో వాళ్ళు ఉండాలి కనుక శుక్రవారం పెందలాడే బయల్దేరాం. పెందలాడే అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా వీధిలో ఉండే మా చర్చి స్త్రీల సమాజం అధ్యక్షురాలు వాకిట్లోకి రాకముందే చుడీదారులో వీధి దాటెయ్యాలని మా ఆవిడ పట్టు. దాటేశాం. మలుపులో పాలు పోయించుకుంటూ ఆ అధ్యక్షురాలే ఎదురైంది. "ఏమ్మా సువార్తా, చిన్నపిల్లలా ఉన్నావు" అంది. అక్కణ్ణుంచి కొల్లేటి దాకా మా ఆవిడ మాట్లాడలేదు.

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు ఎక్కితే కాసేపటికి రెండు పక్కలా నీళ్ళే. కొల్లేరంటే ఒకటే పెద్ద చెరువు కనిపిస్తుందని చూడనివాళ్ళు అనుకుంటారు. చాలాచోట్ల కనిపించేది గట్లు. గట్టుకీ గట్టుకీ మధ్య చేపల చెరువు, వెదురు బొంగులకి వేలాడే మేత సంచులు, వాటి చుట్టూ చేపలు కదిలినప్పుడు నీళ్ళు ఉడికినట్టు అవడం. కాలవల్లో గుర్రపుడెక్క. గూడబాతులు బొంగుల మీద కాపలావాళ్ళలాగా కూర్చుని ఉంటాయి.

నా బండికి ఈ రోడ్డు బాగా తెలుసు. చక్కటి తారు దొరికితే మూడో గేరులో నుంచి ఆరో గేరు దాకా దారం లాగినట్టు పోతుంది. గతుకులొస్తే మాత్రం చేతి మణికట్లకి తెలుస్తుంది, ముందుకి వంగి ఉంటాం కదా. ఎదురుగాలి సరిగ్గా తలకి తగులుతుంది. పదకొండేళ్ళలో ఇవి నాకు తప్పులుగా అనిపించలేదు. సొంత బండి తప్పులు సొంత ఇంటి గుమ్మం లాంటివి, వంగడం అలవాటైపోతుంది.

గంట కాకముందే ఒక గట్టు పక్కన ఆగాం. మా ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని దిగింది.

"నొప్పా?"

"లేదండీ. కొత్త కదా."

ఆవిడ చెల్లెలితో గట్టు మీద నడుస్తుంటే, ఈలోగా చూద్దామని నేను ప్రభాకర్ బండెక్కాను. ఒక్కణ్ణే అటు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. హ్యాండిలు ఎత్తుగా, చేతులకి అందుబాటుగా ఉంది. గాలి అద్దం మీంచి పోతోంది, తలకి తగలడం లేదు. వేగం పెరిగితే అరచేతుల్లో సన్నగా జుమ్మంటుంది, అదొక్కటే లోపం అనుకుంటూ వచ్చి ఆపాను. ఎడమ కాలు కిందికి చాపాను. నేల అందలేదు. ఇంకాస్త చాపాను. గట్టు వాలులో నల్లమట్టి అందింది, జారింది. రెండు క్వింటాళ్ళ బండి పెళ్ళిపందిరి కూలినట్టు మెల్లగా పక్కకి పడింది. నేను దాని పక్కన నిలబడి చూస్తున్నాను.

చెరువు కాపలా ఆయన వెంకన్న పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురం కలిసి లేపాం. పక్క పెట్టెకి ఒక గీత పడింది, అంతే.

"దీన్ని ఎక్కడానికి నిచ్చెన కూడా ఇచ్చారాండీ?" అన్నాడు వెంకన్న.

"ఇవ్వలేదయ్యా, అదే మోసం" అన్నాడు ప్రభాకర్. నావైపు తిరిగి, "పడేశారు కాబట్టి ఇక మీదే అన్నయ్యగారూ" అన్నాడు.

వెంకన్న రెండు బండ్ల చుట్టూ తిరిగి చూశాడు. "లీటరుకెంతిస్తాదండీ?" ఈ ప్రశ్న ఆ రెండు రోజుల్లో మమ్మల్ని ఆగిన ప్రతిచోటా అడిగారు. నాది పద్దెనిమిది, వాళ్ళది ఇరవై మూడు అని చెప్పాను. ఆయన తన మోపెడ్ వైపు జాలిగా కాదు, గర్వంగా చూశాడు. "నాది యాభైకి తగ్గదండి. మేత బస్తాలు రెండేసి తోల్తాను. మీవాటి మీద బస్తా ఎక్కడ పెడతారు?"

"బస్తా పెట్టం. భార్యని పెడతాం" అన్నాడు ప్రభాకర్.

"మా ఆవిడ బస్తాల మీదే కూర్చుంటాదండీ" అన్నాడు వెంకన్న. సీట్ల పనిలో ఇన్నేళ్ళున్నా నాకు తట్టని సీటు అది.

ఆకివీడు

మధ్యాహ్నం ఆకివీడులో భోజనం. రేకుల షెడ్డు హోటలు, చేతులు కడుక్కునే చోట కూడా చేపల వాసనే. భోజనం నూట ఇరవై, చేదుపరిగెల వేపుడు విడిగా అరవై. చేదుపరిగెలంటే వేలెడు చేపలు. ముల్లుతో సహా కరకరా నమిలెయ్యాలి. పులుసులో వంకాయ వేశారు. మా ఇంట్లో చేపల పులుసంటే బెండకాయే. వంకాయ వేసినావిడ పులుసు గిన్నె పట్టుకుని మా ఆవిడ దగ్గర నిలబడి, "ఏవండీ, బాగోలేదా?" అని అడిగింది. మా ఆవిడ బల్లకి పక్కగా, కుర్చీ అంచు మీద కూర్చుని తింటోంది.

"పులుసు బాగుందమ్మా. కూర్చోవడమే బాగోలేదు" అంది. నాకు వినపడేలా అన్నది కాదు, వినపడింది.

ఆకివీడు సెంటర్లో లారీల మధ్య పావుగంట ఇరుక్కున్నాం. నాలుగు సిలిండర్ల బండి వేడి అంతా కాళ్ళ మీదికే వస్తుంది. ఎండాకాలంలో సెంటర్లో ఇరుక్కుంటే పాంటు ఇస్త్రీ అయినట్టే. అప్పటికే బండ్లు మార్చుకున్నాం కనుక ఆ వేడి ప్రభాకర్ అనుభవించాడు. నేను ఎత్తు బండి మీద వేళ్ళ కొసల మీద నిలబడి, పడెయ్యకూడదని అందరు దేవదూతల్నీ తలుచుకుంటున్నాను.

భీమవరం వైపు సాగాక ఒక సంగతి జరిగింది. కొల్లేటి దేశంలో బండి నడిపేవాడు చేపల లారీ వెనక పోడు. ఐసు కరిగి నీళ్ళు కారుతూనే ఉంటాయి, వాటిలో చేప జిగురు ఉంటుంది. ఆ తడి మీద నా బండితో ఒకసారి పడ్డాను కూడా. ముందొక చేపల లారీ పోతుంటే దాన్ని దాటుదామని చూస్తుండగా పక్క సందులోంచి ఒక ఆటో అడ్డం వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కాను. పాదం కింద టకటకమని కొట్టుకుంది. బండి జారలేదు. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి ఆటోకి మూరెడు దూరంలో ఆగింది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు అది. నాదానికి లేదు. నాది అయితే ఏమయ్యేదో నాకు తెలుసు, అది చెప్పుకోలేదు.

"అయ్యో, బాబుగారూ!" అన్నాడు ఆటో ఆయన.

"నువ్వు బాగున్నావు, నేను బాగున్నాను, వెళ్ళు నాయనా" అంది మా ఆవిడ నా భుజం మీంచి.

ఆ మాట హుషారుగా వచ్చింది. నొప్పి ఉన్న మనిషి గొంతు కాదది. తాడేపల్లిగూడెం చేరేదాకా రెండుచోట్ల ఆగాం. రెండుసార్లూ తనంతట తను దిగింది. నడుము మీద చెయ్యి లేదు. పదిహేను రోజులు కుట్టిన సీటు ఓడిపోయింది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గట్టి చెక్కలాంటి సీటు గెలిచింది అని నేను లెక్క కట్టుకున్నాను.

గూడెం రన్‌వే

గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర గాలి కూడా ఘాటుగానే ఉంటుంది. పొద్దున్నే టిఫిను పెసరట్టు ఉప్మా, యాభై రూపాయలు. ఏలూరులో పచ్చడి ఒక్కటే వేసే ధరకి ఇక్కడ రెండు పచ్చళ్ళు వేశారు.

ఊళ్ళో పాత రన్‌వే ఒకటుంది. తెల్లవాళ్ళ కాలంలో యుద్ధానికని వేశారట. ఇప్పుడు విమానాలు లేవు. వాకింగు చేసేవాళ్ళు, కారు నేర్చుకునేవాళ్ళు, గడ్డి మేసే గేదెలు ఉన్నాయి. బండి పరీక్ష చెయ్యాలంటే గూడెంవాళ్ళు ఇక్కడికే తెస్తారు. ప్రభాకర్ నా బండి మీద ఒకసారి పోయొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "కాలు నేల మీద ఆనుతోందండీ! బండి ఎక్కినట్టే లేదు, కుర్చీలో కూర్చున్నట్టుంది."

"మీకు కుర్చీ. నాకు కాదు" అంది కరుణ. "బావగారూ, ఏమీ అనుకోకండి. నిన్న ఆకివీడు నుంచి వచ్చేటప్పుడు మీ వెనక సీటు నన్ను ఎడమ పక్కకి తోసేస్తూనే ఉంది. ఇంటికొచ్చి చూసుకుంటే ఎడమ తుంటి పట్టేసింది."

"అదేం లేదమ్మా, నువ్వు సరిగ్గా కూర్చోలేదు" అన్నాను.

"నేను పదిహేనేళ్ళుగా రెండు కాళ్ళూ వేసే కూర్చుంటున్నానండీ."

మా ఆవిడ గేదెల వైపు చూస్తోంది. అంత శ్రద్ధగా చూడాల్సిన గేదెలేం కాదవి.

బండికి సెంటరు స్టాండు వేశాను. వెనక సీటు మీద కూర్చున్నాను. పదకొండేళ్ళలో ఆ బండి వెనక నేను కూర్చోవడం అదే మొదటిసారి. రెండు కాళ్ళూ వేశాను. నిటారుగా కూర్చుందామంటే నడుము దానంతటదే ఎడమకి ఒరిగింది. సరిచేసుకున్నాను. మళ్ళీ ఒరిగింది.

దిగి అరచెయ్యి వేసి చూశాను. ఎడమ పక్క అరంగుళం పల్లం. నేనే చేశాను. పక్కకి కూర్చున్న ఆడమనిషి తొడ కిందుగా సీటు అంచు కొయ్యకుండా, జారకుండా ఎడమ వైపు పల్లం ఇస్తాం. మా ఊళ్ళో చీరలు కట్టుకునేవాళ్ళు కూర్చునే సీట్లన్నిటికీ అలాగే కుడతాను. స్కేలు పెట్టక్కర్లేదు, చేతులకి తెలుసు. రెండు కాళ్ళూ వేసి కూర్చోమని డాక్టరుగారు చెప్పినప్పుడు నేను ఆవిడ పక్కనే ఉన్నాను. చుడీదారు వదులు చేయించడానికి టైలరు దగ్గరికి తీసికెళ్ళిందీ నేనే. సీటు కుట్టేటప్పుడు మాత్రం నా చేతులు చీర కట్టుకున్న మనిషికే కుట్టాయి.

"నీకు తెలుసా?" అని మా ఆవిడని అడిగాను.

"మొదటి పది కిలోమీటర్లలోనే తెలిసిందండీ."

"మరి చెప్పలేదేం?"

"పదిహేను రోజులు కుట్టారు కదా" అంది. మళ్ళీ, "రెండూ పడలేదని చెప్పేద్దామనుకున్నాను. మీకు తప్పు సీటుది కాకుండా నా నడుముది అయ్యేది" అంది.

నేను సెంటరు స్టాండు తీసి బండి తిప్పాను.

గూడెంలో సీట్ల షాపు ఒకటుంటే బండిని అక్కడికి తీసుకెళ్ళాం. షాపాయన నాకంటే పెద్దవాడు, కళ్ళద్దాలకి దారం కట్టుకున్నాడు. రెగ్జిను విప్పి లోపల వేలితో తడిమాడు.

"ఇదెవరు కుట్టారండీ?"

"ఏలూరులో ఒకాయన" అన్నాడు ప్రభాకర్, నేను నోరు తెరిచేలోపు.

"ఆయ్. చెయ్యి మంచిదేనండి. కుట్టు చూడండి, ఎంత ముద్దుగా ఉందో. కాని కూర్చునే మనిషిని ఓసారి కూర్చోబెట్టి చూసుకోవద్దూ?"

"మరేనండి. ఆయనకి చెబుతాం" అంది మా ఆవిడ. కరుణ చున్నీ నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తింది. ఆయన పల్లంలో స్పాంజి ముక్క అతికించి, పైన చెక్కి, మా ఆవిణ్ణి కూర్చోబెట్టి, మళ్ళీ చెక్కాడు. మూడుసార్లు కూర్చోబెట్టాడు. నా షాపులో ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ అలా చెయ్యలేదు. మగాళ్ళు బండి తెస్తారు, వాళ్ళనే కూర్చోబెట్టి చూస్తాం. వెనక కూర్చునేవాళ్ళు షాపుకి రారు.

మెట్ట దారి

గూడెం దాటి నల్లజర్ల వైపు ఎక్కితే మట్టి రంగు మారిపోతుంది. నిన్న నల్లమట్టిలో జారాం, ఈరోజు ఎర్రదుమ్ము కళ్ళలో పడుతోంది. కొల్లేటి పక్క మాట్లాడితే నీళ్ళు ఎక్కువయ్యాయంటారు, మెట్టలో బోరు ఎంత లోతుకి వేశారని అడుగుతారు. ఆయిల్‌పామ్ తోటలు, మధ్యలో కోకో, అక్కడక్కడ నిమ్మ. రోడ్డు మలుపులు తిరుగుతూ కొంచెం ఎక్కుతూ దిగుతూ పోతుంది.

బాగుచేసిన సీటు చూడాలని నేను మళ్ళీ నా బండి మీద ఉన్నాను, వెనక సువార్త. మలుపుల్లో నా బండికి తిరుగు లేదు. తల వంచినవైపు వంగి, చెప్పినచోట నిలబడుతుంది. వెనక ప్రభాకర్ ఎత్తు బండి మీద వెనకబడుతున్నాడు. మేం ముందే వెళ్ళి ఆగి చూస్తున్నాం. మా ఆవిడ ఒక్కసారి కూడా నడుము పట్టుకోలేదు. అడిగితే, "ఏం లేదండీ, నిజంగా" అంది. ఈసారి నిజంగానే. నాకు బండి మిగిలిపోయింది, మనిషీ మిగిలింది అనుకున్నాను.

కామవరపుకోటలో టీ తాగాం, పన్నెండు రూపాయలు. టీ పోసినావిడ లీటరుకెంతిస్తుందని అడిగింది. చెప్పాం. అక్కణ్ణుంచి వాళ్ళు గూడెం, మేం ఏలూరు. విడిపోయే చోటు కనుక తేల్చుకోవాలి.

"చెప్పండి అన్నయ్యగారూ. భీమవరం ఆయన్ని రమ్మనా, మాననా?" అన్నాడు ప్రభాకర్. మోకాలు రుద్దుకుంటున్నాడు. ఎత్తు బండి దిగడానికి కరుణ భుజం పట్టుకోవలసి వచ్చింది.

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"నా నడుముకి ఇప్పుడు రెండూ ఒకటేనండీ. మరిదిగారిదే తీసుకుందాం."

"నా సీటు బాగయింది కదా!"

"బాగయింది. కాని మీ బండి మీద కూర్చుంటే నాకు మీ చొక్కా కాలరు కనిపిస్తుంది. వాళ్ళదాని మీద మీ తల మీంచి రోడ్డు కనిపిస్తుంది." కొంచెం సిగ్గుపడింది. "ఇన్నేళ్ళూ ఎడమ పక్కే చూశానండీ. మనం ఎక్కడికి వెళ్ళినా ఎడమ పక్క ఊళ్ళు, ఎడమ పక్క చెట్లు. కుడి పక్క ఏముందో మీరు ఇంటికొచ్చాక చెప్పేవారు. ఎదురుగా వచ్చేది చూడ్డం నిన్ననే."

ఎత్తు, వేడి, బ్రేకు, మైలేజీ, గాలి అన్నీ చెప్పుకున్నాం ప్రభాకరూ నేనూ. ఈ ఒక్కటీ మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.

"నాకు కాలందదే" అన్నాను, చివరి ప్రయత్నంగా.

"మీరు సీట్లు కుట్టేవారే కదండీ. మీ ముందు సీటు ఓ అంగుళం చెక్కుకోండి" అంది. చెక్కితే నేను ఒక అంగుళం కిందికి దిగుతాను, ఆవిడకి ఇంకో అంగుళం రోడ్డు కనిపిస్తుంది. కాదనడానికి దారి లేదు.

తాళాలు మార్చుకున్నాం. నా బండి గూడెం వైపు తిరిగి వెళ్తుంటే చూశాను. ప్రభాకర్ గేరు మార్చడం కొంచెం ఆలస్యం చేస్తాడు, దానికి అలవాటు పడాలి.

తడికలపూడి దాటాక రోడ్డు కుడికి తిరుగుతుంది. అవతల ఏముందో కనపడకుండా తుమ్మ పొదలు. నేను వేగం తగ్గించలేదు.

"ఏవండీ, నెమ్మది. గొర్రెల మంద వస్తోంది" అంది వెనక నుంచి.

నాకేమీ కనపడలేదు. అయినా బ్రేకు నొక్కాను. మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెలు ఉన్నాయి.